ఆగ్నేయ మూల చార్జరు

మార్చి పదకొండో తేదీన వంకాయ కూర మాడకుండా వండుకుని తిన్నాను. అదే రోజు నేను డీజిలు కారు వదిలి కరెంటు కారు కొనాలని మా బ్రాడీపేట వీధి తీర్మానించింది. ఆ సంగతి నాకు సాయంత్రం తెలిసింది. మా ఆవిడ పోయాక నా మంచిచెడ్డలు వీధే చూస్తోంది.

సలహా సంఘానికి అంకమ్మరావు గారు అధ్యక్షులు. ముప్పై ఏళ్ళు మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం చేసినవారు కాబట్టి, బ్యాటరీల గురించి వారికి తెలియనిది లేదు. షోరూములో సీటు గిల్లి, వాసన చూసి, "తేమ లేదు" అని ధ్రువీకరించారు. తర్వాత మేనేజరు చేతిమీద తుండుగుడ్డ కప్పి, కింద వేళ్ళు నొక్కుతూ పాతకాలపు పద్ధతిలో బేరం మొదలుపెట్టారు. మేనేజరు బెదిరిపోయి సీటు కవర్లు ఉచితంగా ఇచ్చేస్తానన్నాడు.

ఎదురింటి చైతన్యకృష్ణ సాంకేతిక నిపుణుడు. అంటే వీడియోలు చూస్తాడు.

"చిన్నకారు రెండొందల కిలోమీటర్లే అంకుల్! పెద్దదైతే నాలుగొందల యాభై. దారిలో ఆగిపోతే మీ పరిస్థితేంటి?"

నేను రైతుబజారు దాటి ఏడాదయింది. అయినా దారిలో ఆగిపోయిన నన్ను ఊహించుకుని అందరూ బాధపడ్డారు. పెద్దకారు ఖాయమైంది.

చిన్నకారుకైతే వసారాలో గీజరు ప్లగ్గులాంటిది చాలు. పెద్దదానికి గోడకు చార్జరు బిగించాలట.

"కరెంటంటే అగ్ని గదా మాస్టారూ! ఆగ్నేయంలో గాక ఇంకేడ పెడతారు?" అన్నారు అంకమ్మరావు గారు.

మా ఆగ్నేయ మూల గదిలో ఖుర్షిదా పదకొండేళ్ళుగా అద్దె కట్టుకుంటూ బట్టలు కుడుతోంది. ఆమె సంపాదనంతా ఆ గదిలోనే.

"ఖాళీ చేయించండి. భూగోళం వేడెక్కిపోతావుంటే ఒక కుట్టుమిషను లెక్కా?" అని అధ్యక్షులవారు ఉపన్యసించారు. చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను.

ఆ సంగతి చెప్పడానికి చీకటిపడే వేళకు వెళ్ళాను. ఆమె రవికకు హుక్కులు కుడుతోంది. నాలో ఏదో గొప్పతనం పొంగింది.

"ఖుర్షిదా, నీ గది తీసుకోమన్నారందరూ. నేను చిన్నకారే కొంటాను. నువ్వెక్కడికీ వెళ్ళొద్దు" అన్నాను. ఆమె కళ్ళు చెమర్చే దాకా ఆగుదామని నిలబడ్డాను.

"మంచిది మాస్టారూ. మరి ఈ కప్పు సంగతి చూడండి. మూడేళ్ళబట్టి కారతంది. వాన పడితే మిషను గోనెపట్టా కిందే."

"చెప్పలేదేం?"

"చెప్పానండీ, నాలుగుసార్లు. చెప్పినప్పుడల్లా మీరు 'అయ్యో' అన్నారు."

జాలిగలవాడినని వీధిలో నాకు పేరు. మార్చి నుంచి బ్యాటరీ మీద నీళ్ళు పడితే ఏమవుతుందో చదివినవాణ్ణి కూడా. ఏదో ఒకటి అనాలి కదా.

"అయ్యో" అన్నాను.

ఆమె లైటు తీసేసి, బయటికొచ్చి, చప్పుడు కాకుండా తలుపు వేసి తాళం పెట్టుకుంది.