నాకు దక్కని డెక్కు

"డెక్కు పెడుతున్నవంట గదా కొడుకా, పెండ్లెవలిది?" అంది గౌరవ్వ.

గౌరవ్వ మా పక్కింటి పెద్దావిడ. మా కోరుట్లలో డెక్కు అంటే పెళ్లి బరాత్ ముందు బండెక్కి, గుండెలదిరేలా మోగే సౌండు బాక్సులు.

"పెండ్లి లేదవ్వా. డెక్ అంటే పెరట్ల చెక్కలతోని కట్టే గద్దె."

"గద్దె కట్టి దాని మీద డెక్కు పెడుతవా? గంత పెద్ద పెండ్లా?"

డెక్ అన్న మాటలోనే ఇంత చిక్కు ఉంటే, కట్టడంలో ఎంత ఉంటుందో నాకు అప్పుడే తట్టాల్సింది. తట్టలేదు. తట్ట నిండా ఇసుక మోసేదాకా తట్టలేదు.

నా పేరు కరుణాకర్. ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. నేను గుసగుసలాడితే మూడిళ్ల అవతల కుక్క లేచి నిలబడుతుంది. అలాంటి గొంతు పెట్టుకుని ఒక రహస్యం దాచాలనుకోవడం నా మొదటి తప్పు.

రహస్యం ఏమిటంటే, డెక్ నా కోసం. నేను, కూలర్లు బాగుచేసే ఖుర్షీద్, ఆటో నడిపే అంజి, ముగ్గురం రోజూ సాయంత్రం టీ హోటల్ బెంచీ మీద కూర్చుని దేశాన్ని నడిపేవాళ్లం. రోడ్డు వెడల్పు చేసినప్పుడు బెంచీ పోయింది. దేశం దిక్కులేనిదైంది. ఆ దుఃఖంలో ఉండగా ఫోన్‌లో ఒక వీడియో చూశాను. ఎవడో అదృష్టవంతుడు ఇంటి వెనక చెక్క డెక్ మీద కేన్ కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు. కప్పు వాడిది, కడుపుమంట నాది.

అయితే మా పెరడు నా భార్య పుష్ప ఆధీనంలో ఉంది. పుష్ప, గౌరవ్వ, ఖుర్షీద్ భార్య హఫీజా బేగం పొద్దంతా అక్కడ కూర్చుని బీడీలు చేస్తారు. ఒడిలో చాట, చాటలో తునికాకు, తంబాకు. కింద గోనెసంచి, దాని కింద గుంతలు పడిన గచ్చు. వాళ్లను కదపకుండా అక్కడ ఇటుక కదలదు.

అందుకే ఎత్తు వేశాను.

"పుష్పా, మీ నడుములు జూస్తె నా పానం కొట్టుకుంటున్నది. మీ కోసం డెక్ కట్టిస్త."

పుష్ప కత్తెర ఆపింది. "మా కోసమా?"

"మీ కోసమే."

"ఎందుకు?"

"ప్రేమ."

"జరమచ్చిందా?" అని నా నుదురు పట్టుకుని చూసింది. చల్లగానే ఉంది. "సరే. కూసునేది మేము గాబట్టి చెక్క మేమే ఎంచుతం."

నేను లోలోపల నవ్వుకున్నాను. చెక్క అప్పటికే నేను ఎంచేశాను: పాలిష్ పట్టిన టేకు. జగిత్యాల వడ్రంగి ఉబేద్‌కు టేకును పొగడమని, మిగతావాటిని తిట్టమని పాఠం కూడా చెప్పి ఉంచాను. టీచర్ని కదా.

ఆదివారం ఉబేద్ నమూనాలు తెచ్చి పరిచాడు. టేకు పలక, ప్లాస్టిక్ కలిపిన పలక, వాటి పక్కన ఒక షాబాద్ బండ.

"చూడుర్రి అమ్మా."

ఎవరూ చూడలేదు. చాటలు ఒళ్లో పెట్టుకుని తలా ఒకదాని మీద కూర్చున్నారు.

"జర చూడుర్రి," అన్నాను నేను.

"చూసుడేంది? మేం కండ్లతోని కూసుంటమా?" అంది గౌరవ్వ.

అలా కూర్చున్నవాళ్లు మధ్యాహ్నం దాకా లేవలేదు. పన్నెండింటికి ప్లాస్టిక్ పలక మీద నుంచి హఫీజా బేగం ఎగిరి లేచింది. "యా అల్లా! ఇది గద్దె గాదు, పెనం. నన్ను రొట్టె అనుకున్నది!"

పుష్ప షాబాద్ బండ మీద నుంచి గోడ పట్టుకుని లేచింది. "మోకాళ్లు పట్టుకపోయినయి. సలికాలం దీని మీద కూసుంటె, మమ్ముల లేపనీకె క్రేను రావాలె."

ఇక మిగిలింది టేకు. గెలిచాననుకున్నాను. సరిగ్గా అప్పుడే గౌరవ్వ ఒడిలోని చాట సర్రున జారి, తంబాకు పెరడంతా పరుచుకుంది.

"గింత నున్నగ జేస్తరా? ఇక్కడ కూసుంటే అక్కడ తేలుతున్న!"

ఉబేద్ పాఠం అందుకున్నాడు. "టేకు టేకే అవ్వా. మీద కూసుంటె రాజాలెక్క ఉంటది."

"రాజా బీడీలు చేస్తడా?" అంది పుష్ప.

ఈ ప్రశ్న నేను చెప్పిన పాఠంలో లేదు. ఉబేద్ నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను.

ఆ ఇబ్బందిలో ఉబేద్ కాగితం మీద గీసిన బొమ్మ చూపించాడు. పలకకూ పలకకూ మధ్య వేలెడు సందు.

"గీ సందులెందుకు?"

"వాన నీళ్లు పోవాలె గదమ్మా."

"నీళ్లు పోయే సందుల తంబాకు పోదా? కత్తెర పోదా?" అంటూ పుష్ప రెండు పలకల్ని ఇటుకల మీద సందుతో పెట్టించి, కత్తెర వదిలింది. కత్తెర మాయమైంది. నా ప్లానుకు పడిన మొదటి కత్తెర అది.

తర్వాతి ఆదివారం వెదురు తెచ్చాం. గుచ్చుకుంది. ఆ తర్వాత చింత చెక్క. ముక్కలు లేచాయి. ఈలోగా 'కరుణాకర్ సారు బీడీలు చేసేటోళ్లకు గద్దె కట్టిస్తున్నడట' అని వాడంతా తెలిసింది. నాలుగో ఆదివారానికి పంతొమ్మిది మంది చాటలతో వచ్చి, పలకల మీద వంతులవారీగా కూర్చుని తీర్పులు చెప్పారు. మా పెరట్లో చెక్కల కంటే జడ్జీలు ఎక్కువయ్యారు. అందరికీ చాయ్ పోసీ పోసీ నా చేయి పడిపోయింది.

చివరికి ఉబేదే చేతులెత్తేశాడు. "సార్, సిరిసిల్లల పాత మగ్గాల కట్టె అమ్ముతున్నరు. అది గూడ చూపెట్టుర్రి. అటెన్క నన్ను ఇడిశిపెట్టుర్రి."

ఆడవాళ్లు ముగ్గురినీ తీసుకుని అంజి ఆటోలో సిరిసిల్ల వెళ్లాం. ఒక షెడ్డులో మగ్గాల కట్టె పేర్చి ఉంది. అన్నీ మాసి నల్లబడ్డాయి. వీడియోలో చూసిన డెక్‌కూ వీటికీ, నాకూ అందగాడికీ ఉన్నంత పోలిక.

పుష్ప మాత్రం ఒక వెడల్పాటి పలక మీద చేయి పెట్టి ఆగిపోయింది. నేతగాడు కూర్చున్న పలక. మధ్యలో కొద్దిగా గుంట పడి, సబ్బు అరిగినట్టు అరిగి ఉంది. పుష్ప కూర్చుంది. జరిగి హఫీజా బేగానికి చోటిచ్చింది. ఆమె కూడా కూర్చుని నడుము వాల్చి చూసుకుంది.

గౌరవ్వ కూర్చుని అంది: "ఎవలో నలపై ఏండ్లు కూసున్నడు బిడ్డా. గాయిన నడుము గూడ నొచ్చే ఉంటది."

నాకు జోకు రాలేదు. ఆరోగ్యం బాగుందా అన్నట్టు అంజి నా వైపు చూశాడు.

డెక్ లేచింది. అన్నీ మగ్గం పలకలే. సందులు లేవు, నీళ్లు జారడానికి ఓరగా వాలు. పుష్ప చట్టం కూడా చేసింది: "చెప్పులు బయట. కుర్చీలు బంద్. కట్టె గీరుకపోతది."

అయినా నాకు ఒక ఆశ మిగిలింది. ఆరింటికల్లా వాళ్లు లేచిపోతారు. ఆపైన సామ్రాజ్యం మాదే. ఖుర్షీద్‌కూ అంజికీ కబురు పెట్టాను: శుక్రవారం సాయంత్రం ఆరింటికి ప్రారంభోత్సవం.

శుక్రవారం ఆరయింది. ఎవరూ లేవలేదు.

"తొలినాడు గదా, ఇంకో గంట కూసుంటం. నడుము నొస్తలేదు," అంది హఫీజా బేగం.

మిత్రులిద్దరినీ ఆపుదామని బయటికి పరిగెత్తేలోపే ఆటో ఆగింది. ఆటో మీద మూడు కేన్ కుర్చీలు. అంజి, ఖుర్షీద్ ఒక పొడవాటి చుట్టను భుజాన వేసుకుని నేరుగా పెరట్లోకి నడిచారు.

"సార్, నీకు సర్‌ప్రైజ్!" అంటూ అంజి చుట్ట విప్పాడు.

పన్నెండడుగుల ఫ్లెక్సీ! అందులో మేం ముగ్గురం, నల్ల కళ్లద్దాలతో, చేతులు కట్టుకుని. కింద పెద్ద అక్షరాలు: 'ముగ్గురు మిత్రుల సాయంకాలపు డెక్ ప్రారంభోత్సవ శుభాకాంక్షలు. ఆడవారికి ప్రవేశం లేదు.'

మూడు కత్తెరలూ ఒకేసారి ఆగిపోయాయి.

"ఏంది జీ ఇది?" అంది హఫీజా బేగం.

ఖుర్షీద్ ఫ్లెక్సీ వెనక్కి తప్పుకున్నాడు. "నాకేం తెల్వది బేగం. మన ముగ్గురి కోసమే కడుతున్న అని కరుణాకరే చెప్పిండు."

"మా కోసమని గదా మాకు చెప్పింది?" అంది గౌరవ్వ.

మూలన చివరి మేకులు కొడుతున్న ఉబేద్ నిజాయితీ కొద్దీ లేచాడు. "నాకైతే టేకును పొగడుమని చెప్పిండు."

అందరూ నా వైపు తిరిగారు. నాకు మెల్లగా ఒప్పుకోవడం చేతకాదు కదా. వాడంతా విన్నది.

"ఆడోళ్లకేమో ఆడోళ్ల కోసమని చెప్పిన. మొగోళ్లకు మొగోళ్ల కోసమని చెప్పిన. రెండు తీర్ల చెప్పింది నేనే. ఇగ గోడవతల ఇంటున్నోళ్లకు గూడ చెప్తున్న, తప్పు నాదే!"

గోడ అవతల నుంచి ఎవరో "సరే సార్," అన్నారు.

పుష్ప తాపీగా దారం తెంపింది. "నాకు తొలినాడే తెలుసు. ఇరవై ఏండ్ల సంది మా నడుముల కోసం కొట్టుకోని పానం, ఆ ఒక్క పొద్దు ఎట్ల కొట్టుకున్నది?"

"తెలిస్తె మరి ఎందుకు ఊకున్నవే?"

"అడిగితే పని ఆగుతదని."

లేచి వచ్చి ఫ్లెక్సీని రెండు వేళ్లతో నలిపి చూసింది. అంగట్లో చీర చూసినట్టు చూసింది. "గట్టిగనే ఉన్నది. అంజీ, నాలుగు మూలలకు గుంజలు పాతి కట్టు. మాకు నీడైతది."

అంజి కట్టడం మొదలుపెట్టి, కాస్త బెరుకుగా అడిగాడు. "వదినా, బొమ్మలు కిందికా, పైకా?"

"పైకి. పని జేసుకునేటోళ్ల మీద మీ సూపులెందుకు?"

ఇప్పుడు మీకు డెక్ దక్కిందా అని ఎవరైనా అడిగితే నేను దక్కిందనే చెబుతున్నాను. అబద్ధం కాదు. వానైనా ఎండైనా మేం ముగ్గురం అక్కడే ఉంటున్నాం. నల్ల కళ్లద్దాలతో, చేతులు కట్టుకుని, వెల్లకిలా.