పెద్దమ్మ కోసం ఐదు కిలోమీటర్లు

జబ్బుపడిన చుట్టాన్ని పలకరించడానికి వెళ్ళడం అనాగరికం. ఆమె పేరు మీద పరుగెత్తడమే అసలైన నాగరికత!

కోప్పడకండి. పలకరించడానికి వెళ్తే ఏముంటుంది? కారు పెట్టడానికి చోటు దొరకదు. కూర్చున్నాక వాచిన పాదాల గురించి వినాలి. "ఎలా ఉన్నావు?" అని మాటవరసకు అడిగితే, నిజంగానే ఎలా ఉందో చెప్పడం మొదలుపెడుతుంది! అదే పరుగులో అయితే గాలి, ఎండ, కొత్త టీషర్టు, చప్పట్లు. రోగి నోరు విప్పే ప్రమాదమే లేదు.

మా వాలరా ఊళ్ళో ఈ సత్యాన్ని ముందుగా కనిపెట్టినవాడు ట్రెంట్. డల్సీ పెద్దమ్మకు ఒక్కగానొక్క కొడుకు. పెద్దమ్మ మూత్రపిండాలు పనిచేయడం మానేసి రెండేళ్ళయింది. మంగళ, గురు, శనివారాల్లో పొద్దున్నే వంతెన దాటి అవతలి ఒడ్డున ఉన్న ఆస్పత్రికి వెళ్ళి డయాలసిస్ చేయించుకోవాలి. ఒక్కసారి తప్పినా ఒంట్లో నీరు ఊపిరితిత్తుల్లోకి చేరుతుందని డాక్టరు కచ్చితంగా చెప్పాడు.

కొడుకన్నవాడు ఆ మాట విని ఊరుకుంటాడా? వెంటనే పరుగు బూట్లు కొన్నాడు!

అమ్మ పేరు మీద ఊరంతటికీ ఐదు కిలోమీటర్ల పరుగు ప్రకటించాడు. అప్పటినుంచి ట్రెంట్‌కు క్షణం తీరిక లేదు. సరిగ్గా అమ్మను ఆస్పత్రిలో దింపాల్సిన వేళకే అతని సాధన. అందుకని పెద్దమ్మ వృద్ధుల కోసం నడిచే చిన్న బస్సులో వెళ్ళేది. ఆ బస్సు డ్రైవరు గ్లెన్ కూడా మంచివాడే. అతనూ పరుగుకు పేరిచ్చాడు.

పేరివ్వనిదెవరు? రొట్టెల దుకాణం ఆయన రొట్టె తినడం మానేశాడు. పళ్ళ డాక్టరమ్మ తన కుక్కకు కూడా టీషర్టు కుట్టించింది. సాధన మొదలైన నెలకే ఇద్దరి మోకాళ్ళు అరిగిపోయాయి. వాళ్ళ కోసం ఇంకో పరుగు పెట్టాలని కమిటీ తీర్మానించింది. ఇంత దయగల ఊరు ఇంకెక్కడైనా ఉందా?

టీషర్టు మీద పెద్దమ్మ ఫొటో వేశాం. అది చూసి ఆమె నాకు ఫోను చేసింది.

"ఒరేయ్ డెరిల్, అది నీ పెళ్ళినాటి ఫొటోరా! చేతిలో గ్లాసు, సగం మూసుకున్న కళ్ళు. చూసినవాళ్ళు నేను పోయాననుకుంటారు."

"అందుకే వేశాం పెద్దమ్మా. జనం గుండె కరగాలి కదా."

"కరిగితే కరిగింది గానీ, శనివారం నన్ను ఎవరు దింపుతారో చెప్పు. గ్లెన్ కూడా పరిగెడతాడటగా?"

"అందరం పరిగెత్తేది నీ కోసమే కదా పెద్దమ్మా!"

ఆమె ఠక్కున ఫోను పెట్టేసింది. కదిలిపోయిందని అర్థమైంది.

ఆ శనివారం తెల్లారింది. మా ఊరికి ఉన్నది ఒకే వంతెన. దానికి ఈ చివర పరుగు మొదలు. నది వెంట చుట్టు తిరిగి, వంతెన మీదుగా అవతలి ఒడ్డుకు చేరితే ముగింపు. కాబట్టి వంతెన మీద బండ్లు ఆపేశాం. ఇన్ని నెలల మీటింగుల్లో ఒక్కరికీ అందులో తప్పు కనిపించలేదు. అంకితభావమంటే అదీ!

పెద్దమ్మ చక్రాల ఊతబండి తోసుకుంటూ వంతెన దగ్గరికి వచ్చింది. అక్కడ కాపలా నెవిల్. చిన్నప్పుడు బళ్ళో ఆమె పక్కన కూర్చున్నవాడే. కానీ ఆ రోజు పసుపుపచ్చ జాకెట్ వేసుకున్నాడు. మా ఊళ్ళో ఆ జాకెట్ వేసుకున్న మనిషికి కన్నతల్లి కూడా గుర్తుండదు.

"ఆగు డల్సీ. వంతెన మూసేశాం."

"అవతల నా మిషన్ ఉంది నెవ్."

"పరుగు నంబరు ఉన్నవాళ్ళకే దారి. ఇన్సూరెన్సు వాళ్ళు ఒప్పుకోరు."

"నీ టీషర్టు మీద ఉన్నది ఎవరయ్యా?"

నెవిల్ జాకెట్ తెరిచి వంగి చూసుకున్నాడు. "నువ్వే. అయినా నీకు నంబరు లేదుగా!"

"నీ పొట్ట మీద నా మొహం ఎంత సాగిపోయిందో! సరే, నాకూ ఒకటి తగిలించు."

"ఏ విభాగం? పరుగా, నడకా?"

"చావకుండా అవతలికి చేరే విభాగం ఉంటే అందులో రాయి."

నెవిల్ బాగా ఆలోచించి నడకలో రాశాడు. ఆమె స్వెటరు మీద 412 అని నంబరు గుచ్చి, "ఎడమ పక్కనే నడు డల్సీ, వేగంగా వచ్చేవాళ్ళకు అడ్డం రాకు" అని జాగ్రత్త చెప్పాడు.

ఆమె వంతెన సగానికి చేరేసరికి మేం వెనకనుంచి వచ్చాం. అందరం ఆమెను దాటాం. వెనకబడినవాళ్ళను ఉత్సాహపరచడం పరుగు మర్యాద. అందుకే ట్రెంట్ చేతి గడియారం మీదినుంచి చూపు తిప్పకుండానే, "శభాష్ అమ్మా! ఇంకొంచెమే!" అని అరిచి వెళ్ళిపోయాడు. మా ఊళ్ళో పెద్దావిడలందరినీ అలాగే పిలుస్తాడు. నేను మాత్రం గుర్తుపట్టాను. భుజం తట్టాను కూడా. ఆగితే నా టైము ఏమైపోవాలి?

ముగింపు గీత దగ్గర ఆమెకు పతకం వేశారు. రొట్టెలో సాసేజ్ పెట్టి, వేయించిన ఉల్లిపాయలు దట్టంగా వేసి ఇచ్చారు. ఆమెకు ఉప్పు పనికిరాదు. దాన్ని పళ్ళ డాక్టరమ్మ కుక్కకు పెట్టబోయి, "ఉల్లిపాయలు దీనికి పడవు!" అని చీవాట్లు తింది. ఆ సాసేజ్‌ను చెత్తబుట్టలో వేసి ఆస్పత్రి వైపు బండి తోసుకుంటూ పోయింది.

సరిగ్గా అప్పుడే ట్రెంట్ వేదిక ఎక్కి కళ్ళు తుడుచుకున్నాడు. "అమ్మ ఇక్కడికి రాలేకపోయింది. కానీ ఆమె మనసు మన మధ్యే ఉంది!"

జనం వెక్కి వెక్కి ఏడ్చారు. అక్కడ ఆస్పత్రిలో నర్సు మిషన్ పెట్టేముందు బరువు చూడాలని, పెద్దమ్మ మెడలోంచి పతకం తీయించింది. ఆలస్యమైనా గండం గడిచింది.

మళ్ళీ మంగళవారం వచ్చింది. బస్సు రాలేదు. పరుగులో గ్లెన్ మోకాలు పోయింది. పెద్దమ్మ ఎప్పటిలాగే వీధి మలుపులో నిలబడింది. రెండేళ్ళుగా అదే మలుపులో, అదే స్వెటరుతో, బస్సు కోసం నిలబడుతున్న మనిషే. ఎన్ని కార్లు చెయ్యి ఊపి పోలేదు! ఆ రోజు మాత్రం స్వెటరు మీద 412 నంబరు గుచ్చుకుని వచ్చింది.

మొదటి కారే కీచుమని ఆగింది. "ఇవాళెక్కడ పరుగు డల్సీ? ఎవరి కోసం?"

"డల్సీ అని, ఒక ముసలిదాని కోసం. అవతలి ఒడ్డున దింపుతావా?"

దింపారు. గురువారం ఇద్దరు ఆగారు. శనివారం ఆమెను ఎవరు ఎక్కించుకోవాలా అని రొట్టెల దుకాణం ఆయనా పళ్ళ డాక్టరమ్మా వాదించుకున్నారు. ఆ నంబరును ఆమె ఇప్పుడు స్వెటరుకు కుట్టేసుకుంది.

ఇప్పుడు చెప్పండి, పరుగు వరమా కాదా?

నా కారును మాత్రం పెద్దమ్మ ఇంతవరకు ఆపలేదు. ఆపుదామన్నా కుదరదు లెండి. ఆ వేళకు నేనూ ట్రెంటూ నది ఒడ్డున ఉంటాం, వచ్చే ఏటి పరుగుకు సాధన చేస్తూ.

ఆమె కోసమే!