ఎర్ర చీటీ పడిన ఉయ్యాల

లోకంలో అందరి మొగుళ్లూ కూరలో వంకలు వెతుకుతారు. ఆవిడ ఖర్మకి ఆవిడ మొగుడు ఇనుములో వెతుకుతాడు. సైన్యంలో ముప్పై ఒక్క ఏళ్లు ఫిరంగి బళ్లనీ వంతెన దూలాలనీ చిన్న సుత్తితో తట్టి, చెవి ఒగ్గి విని, కంటికి కనబడని పగుళ్లు పట్టుకోవడమే ఆయన ఉద్యోగం. మంచి ఇనుము ఖంగుమంటుంది, పగిలినది జీరపోతుంది. జీరపోయిన దానికి ఎర్ర చీటీ కట్టి, నివేదిక మూడు ప్రతులు రాయాలి. ఆయన రిటైరై నాలుగేళ్లయినా సుత్తి మాత్రం ఇంకా సర్వీసులోనే ఉంది.

ఆ ఉదయం ఉన్న పని చిన్నదే. పదకొండింటికి కూతురూ అల్లుడూ అయిదు రోజుల పసిగుడ్డుతో ఆసుపత్రి నుంచి నేరుగా వస్తారు. మనవరాలు నెలరోజులు ఇక్కడే ఉంటుంది. వియ్యపురాలితో నాలుగు ఫోన్ల రాయబారం నడిపి ఆవిడ సాధించుకున్న నెల అది. కూతురు పెరిగిన ఇనప ఉయ్యాలకే కొత్త రంగు వేయించి ముందు గదిలో పెట్టింది.

"ఒక్కసారి తట్టి చూస్తానోయ్," అన్నారాయన.

"మీ కూతురు మూడేళ్లు ఊగిందండీ అందులో. విరగలేదుగా!"

"అప్పుడు విరగలేదంటే, ఇప్పుడు విరగడానికి దగ్గరపడిందన్నమాట."

తట్టారు. ఉయ్యాల జీరపోయింది. ఆయన మొహం పాలిపోయింది. పది నిమిషాల్లో ఉయ్యాల నాలుగు ముక్కలై పాత పేపరు మీద పడుకుంది, ముక్కకో ఎర్ర చీటీతో.

"పోనీ, మంచం మీద పడుకోబెడదాం," అంది ఆవిడ పళ్లు బిగబట్టి.

మంచం తట్టారు. జీర. కిటికీ చువ్వలు, జీర. మెట్ల పక్క రెయిలింగు, అదీ జీరే.

"అంతా ఒకే దుకాణం సరుకై ఉంటుంది," అన్నారు చెమట తుడుచుకుంటూ.

"మంచం మా నాన్న కొన్నది. కిటికీలు ఇల్లుగలాయన పెట్టించినవి."

"చూశావా! ఆ దుకాణంవాడు ఇద్దరినీ మోసం చేశాడు!"

ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆయన వీధి గేటు కూడా తట్టి, ఉన్నవాటిలో పెద్ద చీటీ మీద "ప్రమాదం. లోపలికి రావద్దు" అని గుండ్రటి అక్షరాలతో రాసి కట్టిన సంగతి ఆవిడకి తెలియదు.

పదకొండు దాటింది. పావు, అర కూడా దాటాయి. అప్పుడు ఫోను మోగింది. కూతురు ఒక స్థాయిలో, వెనకాల పసిది మరో స్థాయిలో ఏడుస్తున్నారు.

"అమ్మా! గేటుకి ఆ చీటీ ఏంటి? పోయిన వారం నాన్న మా కారు తట్టి పనికిరాదన్నప్పుడు ఈయన నాలుగు మాటలన్నారు కదా. ఆ కోపంతోనే నాన్న రావద్దని రాశారనుకుని ఈయన బండి తిప్పేశారు. మా అత్తగారింటికి వెళ్లిపోతున్నాం!"

నాలుగు ఫోన్ల రాయబారం నీళ్లపాలు! ఆవిడ చేతిలో గరిటె చేతిలోనే ఉంది. అలాగే గేటు దాకా వెళ్లి, ఆ చీటీ పీకి, మొగుణ్ణి కొట్టలేక గేటుని ఒక్కటి కొట్టింది.

ఖంగ్!

ఆవిడా, వెనకే వచ్చిన ఆయనా ఆగిపోయారు.

"మళ్లీ కొట్టు," అన్నారాయన నీరసంగా.

కొట్టింది. ఖంగ్! లోపలికొచ్చి మంచాన్నీ, రెయిలింగునీ, ఉయ్యాల ముక్కల్నీ వరసగా వాయించింది. అన్నీ గుడిగంటల్లా పలికాయి. అవే ఆయన తడితే జీరపోయాయి.

ఆయన మెల్లగా జేబులోంచి భూతద్దం తీసి సుత్తి వైపు తిప్పారు. పిడి తలలోకి దిగే చోట, వెంట్రుకంత చీలిక. ఎప్పుడు చీలిందో! లోకంలోని ఇనుమంతా తట్టిన ఆ సుత్తిని తట్టి చూసిన నాథుడే లేడు.

"అల్లుడికి ఫోను చెయ్యండి," అంది ఆవిడ.

"నువ్వు చెబితే బాగుంటుందేమో..."

"చీటీ కట్టింది గరిటె కాదు."

ఆయన అటెన్షన్‌లో నిలబడి ఫోను చెవికి ఆనించుకున్నారు. "అల్లుడూ, గేటు బాగుంది. ఉయ్యాల బాగుంది. నీ కారూ బాగుంది. పగులు నా సుత్తిలో ఉంది. తప్పు... నాది."

"బండి తిప్పుతున్నా మావయ్యగారూ. కానీ ఆ చివరి మాటే సరిగ్గా వినబడలేదు."

"తప్పు నాది!" పరేడు మైదానంలో అరిచినట్టు అరిచారాయన. వీధి వీధంతా విన్నది.

ఆవిడ అంతటితో తృప్తిపడక, ఆ ముక్కనే కాగితం మీద రాసి సంతకానికి ఆయన ముందు పెట్టింది, మూడు ప్రతులు.