ఆడా మగా తేలని ‘ఓ’

నవ్వబోమని ఒట్టేస్తేనే చెబుతాను. వేయరా? సరే, నవ్వుతూనే వినండి.

మా ఇంట్లో రెండు బడులున్నాయి. ముందుగదిలో నేను, స్టామెన్ పంతుల్ని, బల్గేరియన్ చెబుతాను, వంటింట్లో మా ఆవిడ నెవిన్ టర్కిష్ చెబుతుంది. తన పుట్టిల్లు టర్కీలో, సరిహద్దు పక్కనున్న ఎదిర్నే ఊరు. పెళ్ళయి బల్గేరియాలోని మా ప్లోవ్‌దివ్ వచ్చిన ఏడాదికే నన్ను నా భాషలో తిట్టడం నేర్చేసుకుంది.

మొన్న ద్రాక్షకోతలప్పుడు ఒక పోర్చుగీసువాడు వచ్చాడు. పేరు దువార్తె. నున్నగా వెనక్కి దువ్విన జుట్టు, బుగ్గల మీద సొట్టలు. “నాకు సరిహద్దుకి రెండు వైపులా పనుంటుంది. రెంటిలో ముందు ఏ భాష నేర్చుకోమంటారు?” అని అడిగాడు.

సొట్టలు చూడగానే నేనొక నిర్ణయానికి వచ్చేశాను. ఈ దువ్వెన మా వంటింటి గడప తొక్కకూడదు. అక్కడ వాడు తల దువ్వుకుంటాడో, మా ఆవిణ్ణి దువ్వుతాడో ఎవడు చూడొచ్చాడు?

“బల్గేరియనే నాయనా! విభక్తుల బాధ లేదు. టర్కిష్‌లో ఒక్కో మాటకి తోక మీద తోక తగిలిస్తారు. చివరి తోక వచ్చేదాకా ఆ మనిషి పెళ్ళికెళ్ళాడో పైకెళ్ళాడో తెలీదు.”

“తోకలున్నా పద్ధతిగా ఉంటాయి,” అంది నెవిన్. “వీళ్ళ భాషలో కుర్చీ మగాడు, బల్ల ఆడది, పిల్లాడు మాత్రం రెండూ కాడు! పైగా క్రియలన్నీ జంటలు. చేస్తూ ఉండటానికొకటి, చేసి ముగించడానికొకటి. మా ఆయనకి మొదటిదే వచ్చు. ఆ కుళాయి ఎప్పట్నుంచో బాగుచేస్తూనే ఉన్నాడు.”

“ఇప్పుడు కుళాయి గోల ఎందుకే?”

“ఉదాహరణ! టర్కిష్‌లో ఆడా మగా తేడాయే లేదు. అతడన్నా, ఆమె అన్నా, అది అన్నా ఒకటే మాట. ‘ఓ’!”

“ఓ!” అన్నాడు దువ్వెన. అదే వాడి మొదటి పాఠమైపోయింది.

“మరి సారుకి టర్కిష్ వచ్చా?”

“ఆయనకా? మా అమ్మకి టర్కిష్ తప్ప ఇంకో ముక్క రాదు. ఆవిడ ఏమడిగినా ఈయన తలూపుతాడు. బల్గేరియావాళ్ళ అలవాటు ప్రకారం అవునంటే అడ్డంగా ఊపుతాడు కదా, పాపం మా అమ్మ వద్దన్నాడనుకుని సూపు గిన్నె తీసుకుపోతుంది.”

నిజమే. కానీ సూపు పోతే పోయింది, అత్తగారు ఏమంటోందో అర్థం కాకపోవడంలో ఉన్న సుఖం మీకేం తెలుసు!

దువ్వెన వంటింటి బడిలోనే చేరాడు. ఆ వారం నుంచే నాకు కడుపుమంట పట్టుకుంది. వాడికేమో పొరలు పొరలుగా వేడి వేడి బ్యురెక్, నాకేమో నిన్నటి రొట్టె. తలుపుకి చెవి ఆనిస్తే లోపల ఒకటే నవ్వులు, మధ్యమధ్య ఓ, ఓ, ఓ. అసూయంటారా? అసూయే. ఒళ్ళు భగభగ మండిపోయింది.

అప్పుడు ఒక ఎత్తు వేశాను. పాఠం అవగానే దువ్వెనని వీధి చివర కెఫేకి లాక్కుపోయి, రకియా సారా పోయించి, “మేడమ్ ఏం చెప్పిందో ఒక్క ముక్క వదలకుండా, అర్థంతో సహా అప్పజెప్పు. నీ ఉచ్చారణ సరిచూస్తాను,” అనేవాణ్ణి. టర్కిష్ రానివాడు ఉచ్చారణేం చూస్తాడని వాడికి తట్టలేదనుకున్నాను.

“‘మీ చేతులు ముద్దు పెట్టుకుంటాను,’” అని అప్పజెప్పాడు.

నా గ్లాసు ఒలికింది. “ఇంకా?”

“‘మీరు లేక ఇల్లు బోసిపోయింది. ఇలా కూర్చోండి. కాళ్ళు చాపుకోండి.’”

నా ఇంట్లో వీడు కాళ్ళు చాపుకోవాలా! పళ్ళు నూరుతూ అన్నీ బట్టీ పట్టాను. మంచు పడే వేళకి నాకు టర్కిష్ తోకలన్నీ వచ్చేశాయి. అసూయని మించిన పంతులు లేడు.

ఒకరోజు నెవిన్ వాళ్ళక్కతో ఫోన్లో మాట్లాడుతోంది. ప్రతి మాటా అర్థమైంది. “శుక్రవారం ‘ఓ’ రావడం ఖాయం. చూడక ప్రాణం కొట్టుకుపోతోంది. మా పడకగది ‘ఓ’కే ఇస్తాను. స్టామెన్‌ని వంటింట్లో పడుకోబెడతాను.”

వచ్చేది ఎవడు? ఎవతె? ఆ భాషలో క్రియ కూడా చెప్పి చావదు!

“శుక్రవారం ఎవరొస్తున్నారు?” అన్నాను ఉండబట్టలేక.

“వస్తున్నారని నీకెలా తెలుసు? నీకు టర్కిష్ రాదుగా?”

కుళాయి బాగుచేసే వంకతో అక్కణ్ణుంచి జారుకున్నాను.

శుక్రవారం సోఫియా వెళ్తున్నానని చెప్పి పై అంతస్తు మెట్ల మీద నక్కాను. కాసేపటికి కిందనుంచి దువ్వెన వస్తున్నాడు, చేతిలో నా అంత పెట్టె! కాపురానికే వచ్చేస్తున్నాడు! ఒక్క దూకు దూకి కాలర్ పట్టుకున్నాను. “ఆ మంచం నాది! ఆ గది నాది! ఆ ఇల్లాలు నాది! నా బొందిలో ప్రాణముండగా నువ్వు లోపలికి అడుగు పెట్టలేవు!” అంతా టర్కిష్‌లోనే, ఒక్క తోక తప్పలేదు. పెట్టె దొర్లి తెరుచుకుంది. మెట్ల నిండా అత్తిపండు జామ్.

వాడి వెనకనుంచి ఒక ముసలి గొంతు. “నెవిన్! నీ మొగుడికి మన భాష రాదన్నావు? నన్ను లోపలికి రావద్దని ఎంత చక్కగా అరుస్తున్నాడే!”

తలగుడ్డ సవరించుకుంటూ మా అత్తగారు సబిహా. పెట్టె ఆవిడదే, వాడు మోసుకొస్తున్నాడంతే.

“అయ్యో, మిమ్మల్ని కాదత్తయ్యా! మీ చేతులు ముద్దు పెట్టుకుంటాను. మీరు లేక ఇల్లు బోసిపోయింది. ఇలా కూర్చోండి, కాళ్ళు చాపు...” అంటూ ఆగిపోయాను. ఇన్నాళ్ళూ నేను బట్టీ పట్టినవి ఎవరి కోసమో అప్పుడు వెలిగింది.

దువ్వెన సొట్టలు చూపించాడు. “మేడమ్ మీకు చెప్పమన్నవే చెప్పాను సార్.”

“ఫోన్లో ‘అమ్మ’ అనొచ్చు కదే!” అన్నాను నెవిన్‌తో.

“అనుంటే ఆ క్షణమే నేర్చుకోవడం మానేసేవాడివి.”

అత్తగారు నా చొక్కా పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. “రా అల్లుడూ. ఇన్నేళ్ళుగా నీతో చెప్పలేక కడుపులో పెట్టుకున్నవి బోలెడున్నాయి. నువ్వు మొదటిసారి మా ఇంటికొచ్చిన రోజు నుంచి మొదలుపెడతాను.”

ఆవిడ మొదలుపెట్టి వారం దాటింది. ఆ కథలో మాకింకా పెళ్ళి కాలేదు.