మళ్లీ మొదటి పాటే

మతిమరుపును మించిన సద్గుణం లోకంలో లేదు. నమ్మరా? అయితే నా జేబులో ఉన్న పాటల పెట్టెను ఒకసారి పరిశీలించండి.

అగ్గిపెట్టెంత ఉంటుంది. తెర లేదు, బొమ్మలు లేవు. మూడు బటన్లు, ఒక ఎర్ర లైటు, చెవుల్లో పెట్టుకునే వైరు. అంతే. ఖరీదెంత అని అడిగితే, "అడిగేంత ఖరీదైతే కాదులే నాన్నా" అంది మా అమ్మాయి. నా పుట్టినరోజుకు కొని, అందులో ముప్పై ఎనిమిది భక్తి పాటలు ఎక్కించి, సెలవులు కాగానే ఉద్యోగం చేసే ఊరికి వెళ్లిపోయింది. దాన్ని నా చేతికిచ్చింది మాత్రం మా ఆవిడ. "చివరిదాకా వినండి" అని కూడా చెప్పింది. కొత్త వస్తువుకు వాడే విధానం చెప్పడం మామూలే కదా అనుకున్నాను.

ఇలాంటి వస్తువుల మీద చదువుకున్నవాళ్లు రివ్యూలు రాస్తారట. నేను బోల్టుల గోడౌన్‌లో స్టోర్ కీపర్ని. వచ్చిన సరుకు చూసి పుచ్చుకోవడమో, తిప్పి పంపడమో నా పని. నాలుగు నెలలు వాడాక నాకూ ఆ మాత్రం అర్హత వచ్చిందనుకుంటాను.

పెట్టెను ఆపితే, ఎక్కడ ఆగిందో దానికి గుర్తుండదు. మళ్లీ ఆన్ చేస్తే మొదటి పాటే. బస్సులో నలభై నిమిషాలు, అంటే ఎనిమిది పాటలు. దిగేటప్పుడు ఆపుతాను. సాయంత్రం ఎక్కగానే మళ్లీ మొదటి పాట. దీన్ని లోపమంటారా? రోజుకు రెండుసార్లు కొత్తగా మొదలయ్యే భక్తి మనలో ఎంతమందికుంది చెప్పండి!

బ్యాటరీ గంటకు మించి రాదు. అందుకని ఆదివారం తీరిగ్గా కూర్చున్నా పన్నెండు పాటలే. మితంగా తినమని వైద్యులు చెబితే వింటాం, మితంగా వినమని ఒక పెట్టె చెబితే తప్పేమిటి?

తరువాతి పాటకు దూకే బటన్ ఉంది. నేను దాన్ని ముట్టుకోను. దేవుడి పాటను మధ్యలో తోసేసి "నెక్స్ట్" అనడానికి ఇదేమైనా డాక్టరుగారి క్లినిక్కా? కనుక మొదటి పన్నెండు పాటలు నాకు కంఠతా వచ్చేశాయి. మిగతా ఇరవై ఆరూ పై వాటాలో అద్దెకున్నవాళ్లలాగా ఉన్నాయి. ఉన్నారని తెలుసు, పలకరింపులు లేవు.

ఇక చెవుల్లో వైరు పెట్టుకుంటే కలిగే లాభాలు వేరు. బస్సులో ఎవరూ జరగమనరు. గోడౌన్‌లో మా ఫోర్‌మన్ మూడుసార్లు పిలిచి, "స్వామివారు సమాధిలో ఉన్నారు, మనమే వెతుక్కుందాం పదండి" అని బోల్టులు తనే వెతుక్కుంటున్నాడు. శ్రమశక్తి ఎంత పెరిగిందో చూశారా?

ఇంట్లో జరిగిన అద్భుతం ఇంకా గొప్పది. పని చేసుకుంటూ కూనిరాగం తీయడం మా ఆవిడకు అలవాటు. పాతికేళ్లుగా అదే పాట. పల్లవి, మొదటి చరణం, రెండో చరణంలో సగం. సరిగ్గా అక్కడికొచ్చేసరికి నేను "నా కళ్లజోడెక్కడ?" అని అడుగుతాను. పాట ఆగుతుంది, కళ్లజోడు దొరుకుతుంది. మర్నాడు మళ్లీ పల్లవి. పెట్టె వచ్చిన కొద్ది రోజులకే ఆ కూనిరాగం ఆగిపోయింది. వైరు నా చెవిలో ఉంటే వంటింట్లో నిశ్శబ్దం! ఇంత చవక వస్తువులో ఇంత సాంకేతికత ఎలా పట్టిందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

అన్నట్టు, మొదటి వారంలోనే ఆవిడ అడిగింది.

"పాటలన్నీ విన్నారా?"

"విన్నాను."

"చివరిది?"

"దివ్యంగా ఉంది. అన్నీ దేవుడి పాటలే కదా, ఏదైతేనేం."

ఆవిడ కాఫీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. నేను చెప్పింది అబద్ధమంటారా? గోడౌన్‌లో పెట్టె మూత తీసి, పైనున్న నాలుగు బోల్టులు చూసి, మొత్తం సరుకుకు సంతకం పెడతాం. ఇన్నేళ్లలో ఎవరూ తప్పు పట్టలేదు.

మొన్న ఆదివారం మా అమ్మాయి ఫోన్ చేసింది.

"అమ్మ ఎందుకు నాన్నా అంత ముభావంగా ఉంది? చివరి పాట గురించి నువ్వు ఒక్క మాటా అనలేదట."

"అన్నానే, దివ్యంగా ఉందని."

"ఎవరు పాడారు?"

"ఎవరో పేరున్నావిడే అయ్యుంటుంది."



"నాన్నా, మొదటి పాట దగ్గర వెనక్కి బటన్ నొక్కు. తిన్నగా చివరిదానికి వెళ్తుంది."

వెనక్కి నొక్కడం దూకడం కిందికి రాదని నాకు నేనే నచ్చజెప్పుకుని నొక్కాను.

ముందు కుళాయి చప్పుడు. తరువాత పల్లవి. అదే పాట, అదే గొంతు. మొదటి చరణం అయింది. రెండో చరణం సగానికొచ్చింది. అలవాటు కొద్దీ నా నోరు తెరుచుకుంది. కళ్లజోడు ముక్కు మీదే ఉంది. పాట ఆగలేదు. రెండో చరణం పూర్తయింది. ఆ తరువాత మూడోది వచ్చింది.

ఆ పాటకు మూడో చరణం ఉందని పాతికేళ్లుగా నాకు తెలియదు. అక్కడ గొంతు బాగా పైకి వెళ్లాలి. ఒకచోట వణికింది, మళ్లీ నిలదొక్కుకుంది. పాట అయ్యాక, "ఆపేశావా? బాగా వచ్చిందా? మీ నాన్న గుర్తుపడతారంటావా?" అని వినబడింది. మా అమ్మాయి నవ్వింది. టక్కుమంది. మళ్లీ మొదటి పాట.

కాబట్టి పాఠకులకు నా తుది నివేదిక ఇది: సరుకులో లోపం లేదు. తిప్పి పంపాల్సిన పని లేదు. చూడకుండా సంతకం పెట్టినవాడి మీద మాత్రం విచారణ జరగాలి.

విచారణ వంటింట్లో జరిగింది. ఆవిడ చిక్కుడుకాయలు వలుస్తోంది.

"మూడో చరణం ఉందని నాకు తెలియదు" అన్నాను.

"చార్జింగ్ అయిపోయిందా?" అంది, తలెత్తకుండా.

"ఉంది."

"మరి చెవులు ఖాళీగా ఉన్నాయేం?"

స్టూలు లాక్కుని కూర్చుని కాయలు వలిచాను. అప్పటి నుంచి రోజూ అక్కడే కూర్చుంటున్నాను. ఈ వ్యాసం కూడా అక్కడే రాస్తున్నాను. అక్షరాలు వంకరగా పడుతున్నాయి, అచ్చువేసేవారు మన్నించాలి. పొద్దుటి నుంచి కళ్లజోడు కనబడటం లేదు.

అడగడం లేదు. ఆవిడ ఇప్పుడే రెండో చరణంలోకి వచ్చింది.