ముక్కుగారు తల ఊపారు

ఆ ఉదయం ముక్కుగారి పథకం చాలా చిన్నది. తుమ్మకుండా ఫ్యాక్టరీకి వెళ్ళాలి, తుమ్మకుండా ఒక సబ్బు వాసన చూడాలి, దాన్ని పక్కన పెట్టెయ్యాలి, తుమ్మకుండా ఇంటికి రావాలి. మిగతా ఏడాదంతా ఇంతోటి పనికి పథకం అక్కర్లేదు. చెట్లు పూసే కాలంలో మాత్రం ఆయన ముక్కు ఆయన మాట వినదు.

ఆయన సబ్బుల ఫ్యాక్టరీలో వాసన పరీక్షకుడు. అసలు పేరు జీతం కాగితం మీద ఉంటుంది కానీ, ఓనరు దగ్గర్నుంచి ఊడ్చే మనిషి దాకా అందరికీ ఆయన ముక్కుగారే. ఏ సబ్బైనా ఆ ముక్కు దాటితేనే బజారుకు పోతుంది. అలాంటి మనిషికి ఏటా పూత కాలం రాగానే కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారతాయి. ముక్కు రెండు వైపులా మూసుకుపోయి గులాబీకీ మురిక్కాలవకీ తేడా తెలియకుండా పోతుంది. ఈ సంగతి తన భార్యకు తప్ప ఇంకెవరికీ తెలియదని ఆయన గట్టి నమ్మకం. ఆ కాలమంతా లాబ్‌లో పనిచేసే కెమిస్ట్ అమ్మాయి ముఖం చూసి నెట్టుకొచ్చేవాడు. ఆమె ముఖం విప్పారితే సబ్బు పాస్, ముడుచుకుంటే ఫెయిల్. ఇన్నేళ్ళలో ఒక్క తప్పూ దొర్లలేదు. తెలివి ఆ అమ్మాయిది, పేరు ఈయనది.

"ఆ మాత్ర రాత్రి పడుకునే ముందు వేసుకోమన్నారు డాక్టరు గారు," అంది భార్య, మంచినీళ్ళ గ్లాసు ఇవ్వకుండా చేతిలోనే పట్టుకుని. "పొద్దున్నే మింగితే అక్కడ కూర్చుని కునికిపాట్లు పడతారు."

"మింగకపోతే తుమ్ముతాను. ఓనర్ ముందు తుమ్మితే నన్ను తీసుకెళ్ళి గేటు దగ్గర స్టూలు మీద కూర్చోబెడతారు. కాసేపు కునికితే ఎవరు చూడొచ్చారు?"

"అందరూ చూస్తారండీ. కళ్ళు మూసుకునేది మీరు, వాళ్ళు కాదు."

ఆడవాళ్ళతో వాదన దేనికని ఆయన గ్లాసు లాక్కుని మాత్ర మింగేశాడు. వాదనలో ఓడిపోయిన ప్రతిసారీ ఆయన ఆ మాటే అనుకుంటాడు.

గేటు దగ్గర స్టూలంటే ఆయనకు ప్రాణభయం. ఆయనకంటే ముందు వాసన చూసిన పెద్దాయనకు వయసు మీదపడి ముక్కు పనిచేయడం మానేసింది. ఓనరు జాలిపడి ఉద్యోగంలోంచి తీసెయ్యలేదు, కాపలా కోసం గేటు దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టాడు. అలాంటి జాలి పగవాడికి కూడా వద్దని ముక్కుగారు రోజూ అనుకుంటాడు, అనుకుంటూనే ఆ స్టూలుకు దణ్ణం పెట్టి లోపలికి పోతాడు.

ఆ రోజు దిగులు పడటానికి ఇంకో కారణం కూడా ఉంది. ఓనరుగారి అల్లుడు ఎక్కడో చవగ్గా దొరికిందని కొత్త సెంటు తెచ్చి దానితో సబ్బు చేయించాడు. ముందు రోజు సాయంత్రం కెమిస్ట్ అమ్మాయి ముక్కుగారి బల్ల దగ్గరికొచ్చి నిలబడింది.

"సార్, ఆ సెంటుకి వేడి తగిలితే కాలిన టైరు కంపు కొడుతోంది. నేను చెప్తే మామా అల్లుళ్ళు ఇద్దరూ వినరు. రేపు మీరు పక్కన పెట్టెయ్యండి, చాలు."

"నేనుండగా నీకెందుకమ్మా బెంగ," అన్నాడు ముక్కుగారు. అప్పటికి ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు.

బస్సు దిగిన దగ్గర్నుంచి ఫ్యాక్టరీ దాకా రోడ్డుకు రెండు వైపులా చెట్లే. ఓనరుగారు ముచ్చటపడి నాటించినవి. ఆగి ఉన్న కార్ల మీద, కరెంటు పెట్టెల మీద, గోడల మీద పసుపు రంగు పుప్పొడి మందంగా పేరుకుని ఉంది. ముక్కుగారు చేతిరుమాలుతో ముఖం చుట్టుకుని నడిచాడు. అయినా సగం దూరం పోకుండానే తుమ్ములు మొదలయ్యాయి, ఒకదాని మీద ఒకటి, ఊపిరి తీసుకునే సందు లేకుండా. పొద్దున వేసుకున్న మాత్ర ఏ మూలకూ సరిపోలేదనుకుని మందుల షాపులో దూరాడు.

"అది పనిచేయలేదా? అయితే ఇది వేసుకోండి, ఇది వేరే కంపెనీది," అన్నాడు షాపాయన.

కంపెనీ వేరే, పేరు వేరే, అట్టపెట్టె రంగు వేరే. లోపలున్న మందు మాత్రం పొద్దున మింగిందే. ఆ సంగతి పెట్టె మీద చీమ తలకాయంత అక్షరాల్లో రాసే ఉంది, కానీ చదవాల్సిన కళ్ళ నిండా నీళ్ళు.

గేటు దగ్గర పెద్దాయన ఆయన వాలకం చూసి స్టూలు మీంచి లేచాడు. "నాకూ ఇలాగే మొదలైంది నాయనా. గొంతు గరగరలాడుతోందా? ఈ సిరప్ నాలుగు గుక్కలు పట్టించు, హాయిగా ఉంటుంది," అని సంచిలోంచి సీసా తీసిచ్చాడు. జాలితో ఇచ్చాడో, స్టూలు దగ్గర తోడు దొరుకుతుందన్న ఆశతో ఇచ్చాడో చెప్పలేం. ఆ సిరప్‌లోనూ అదే మందు ఉంది. డాక్టరు రాత్రికి ఒకటి చాలన్న మందు, తెల్లారి ఆఫీసు వేళకల్లా ముక్కుగారి ఒంట్లోకి మూడు దారుల్లో చేరింది.

పరీక్ష గదికి ఒక పద్ధతుంది. అక్కడ ఎవరూ నోరు విప్పకూడదు. ఒకరి మాట ఇంకొకరి ముక్కును చెడగొడుతుందని పాతకాలంలో పెట్టిన నియమం. వేడినీళ్ళ గిన్నెలో సబ్బు కరిగించి ముక్కుగారి ముందు పెడతారు. ఆయన, పూత కాలమైతే కెమిస్ట్ అమ్మాయి ముఖం ఒకసారి చూసుకుని, కళ్ళు మూసుకుని వాసన పీలుస్తాడు. నచ్చకపోతే గిన్నె పక్కకు జరుపుతాడు, నచ్చితే కళ్ళు మూసుకునే తల ఊపుతాడు. ఆ గదిలో తల ఊపడమంటే సంతకం పెట్టినట్టే.

తెల్లటి గోడలు, మెల్లగా తిరుగుతున్న ఫ్యాను, మెత్తటి కుర్చీ. ఎదురుగా ఓనరు, అల్లుడు. పక్కన కెమిస్ట్ అమ్మాయి, ముఖం ముడుచుకుని రెడీగా ఉంది. గిన్నెలోంచి లేచిన ఆవిరి ముక్కుగారి ముఖానికి వెచ్చగా తగిలింది. వాసనేమీ తెలియలేదు, తెలుస్తుందని ఆయన అనుకోనూ లేదు. గిన్నె పక్కకు జరపాలన్నది గుర్తుంది. ముందు పద్ధతి ప్రకారం కళ్ళు మూసుకోవాలి కదా అని మూసుకున్నాడు.

అంతే. తల కిందికి వాలింది, పైకి లేచింది, మళ్ళీ వాలింది. మూసిన కళ్ళ చివర్ల నుంచి నీళ్ళు ధారగా చెంపల మీదికి జారాయి.

మెలకువ వచ్చేసరికి చప్పట్లు వినిపిస్తున్నాయి. ఓనరు ఆయన చేతులు రెండూ పట్టుకుని ఊపుతున్నాడు. "ఎంత మంచి సబ్బుకైనా మీరు ఒక్కసారి ఊపితే గొప్ప. ఇవాళ ఊపుతూనే ఉన్నారు. పైగా కన్నీళ్ళు పెట్టుకున్నారు." అల్లుడు అప్పటికే ఫోన్‌లో ఫొటోలు తీసేశాడు.

 ముక్కుగారు ఏదో అనబోయాడు. మందు ప్రభావానికి నోరు ఎండిపోయి నాలుక అంగిటికి అతుక్కుపోయింది. "ఊ" అన్న చప్పుడు తప్ప ఇంకేమీ బయటికి రాలేదు.

"చూశారా మామయ్యా, నోట మాట రావట్లేదు," అన్నాడు అల్లుడు.

పద్ధతి తప్పి కెమిస్ట్ అమ్మాయి మాట్లాడింది. "సార్, అది కాలిన టైరు వాసన. మీక్కూడా తెలుస్తోంది. ముక్కుగారిని ఇంకోసారి చూడమనండి."

"ఆయనంతటివాడు తల ఊపాక నువ్వు చెప్పొచ్చేదేంటి?" అన్నాడు ఓనరు.

"ఆయన్నే అడగండి సార్," అని ఆ అమ్మాయి ముక్కుగారి వైపు తిరిగింది. "మీరు చెప్పండి సార్, మీకు నచ్చిందా?"

అందరూ ఆయన వైపు తిరిగారు. బల్ల మీద మంచినీళ్ళ సీసా ఉంది. ముక్కుగారు గటగటా తాగాడు. నాలుక కదిలింది. ఇక మాట్లాడలేకపోయానన్న సాకు కూడా లేదు. నిద్రపోయానని ఒక్కమాట అంటే ఆ సబ్బు ఆగిపోతుంది, ఆ అమ్మాయి బయటపడుతుంది. తాను మాత్రం సాయంత్రానికల్లా స్టూలెక్కుతాడు.

"బాగానే ఉందమ్మా," అన్నాడు.

 సాయంత్రం ఆ అమ్మాయి లాబ్ కోటు మడిచి కుర్చీ మీద పెట్టి, రేపట్నుంచి రావద్దన్నారని చెప్పింది. ఆయన తేలు కుట్టిన దొంగలా నేల చూపులు చూశాడు.

"మీ ముక్కు పనిచేయదని నాకు ఎప్పట్నుంచో తెలుసు సార్," అంది వెళ్ళబోతూ. "మీకు సరిగ్గా కనబడాలనే మొహం కాస్త ఎక్కువగా పెట్టేదాన్ని."

ఆ రాత్రి ఆయనకు మాత్ర వేసుకున్నా నిద్ర పట్టలేదు.

తర్వాత జరిగిందంతా ఆయన చేతుల్లో లేదు. ముక్కుగారు కళ్ళు మూసుకుని కన్నీళ్ళు కారుస్తున్న ఫొటో సబ్బు అట్టపెట్టె మీదికెక్కింది. అక్కడ్నుంచి బస్సుల వెనక్కి, గోడల మీదికి, రోడ్డు మలుపుల్లో పెద్ద పెద్ద బోర్డుల మీదికి పాకింది. కింద 'ఈ పరిమళానికి ఏడవని వారుండరు' అని రాశారు. చుట్టాలు మాత్రం కింద రాసింది చదవలేదు, ఫొటో చూశారు. ముందుగా ఆయన చెల్లెలు ఫోన్ చేసింది.

"వదినా, అన్నయ్య నడిరోడ్డు మీద ఏడుస్తున్నాడేంటి? ఇంట్లో ఏమన్నా గొడవలా?"

"గొడవ నాతో కాదమ్మా, చెట్లతో," అంది ముక్కుగారి భార్య.

చెల్లెలు నమ్మలేదు. పిన్ని నమ్మలేదు. ఆయన బావమరిది పనిగట్టుకుని వచ్చి, అక్కను పక్కకు పిలిచి, బావగారితో కాస్త నెమ్మదిగా ఉండమని బుద్ధి చెప్పి మరీ వెళ్ళాడు. పక్కింటావిడ ఓదార్పుగా ముక్కుగారి భుజం తట్టి, ఆయన భార్యకేసి కొరకొరా చూసింది.

"మాత్ర వద్దన్న పాపానికి మొగుణ్ణి ఏడిపించే గయ్యాళినయ్యాను," అంది భార్య. "పోయి ఉన్నదున్నట్టు చెప్పి రండి. లేకపోతే నేనే వెళ్ళి చెప్తాను."

ఈలోగా సబ్బు ఇళ్ళల్లోకి చేరింది. జనం వేడినీళ్ళతో స్నానం చేశారు. పెళ్ళాలు మొగుళ్ళను ఏ గ్యారేజీలో పడుకొచ్చావని నిలదీశారు. బస్సుల్లో ఒకరి పక్క ఒకరు కూర్చోవడం మానేశారు. చూస్తుండగానే లారీలకు లారీలు వెనక్కి తిరిగొచ్చి ఫ్యాక్టరీ ఆవరణంతా పెట్టెలతో నిండిపోయింది. ఓనరు కబురు పెట్టాడు.

ముక్కుగారు స్టూలుకు సిద్ధపడే వెళ్ళాడు. కూర్చోమనకముందే మొత్తం కక్కేశాడు. ఎలర్జీ, మాత్రలు, సిరప్, నిద్ర, ఏదీ దాచలేదు. "నేను వాసన చూడనేలేదండీ. నిద్రలో తల ఊగింది. ఆ అమ్మాయి చెప్పిందే నిజం," అని ముగించి, ఇన్నాళ్ళకు గుండె మీద బరువు దిగినట్టై నిట్టూర్చాడు.

ఓనరు తాపీగా కళ్ళజోడు తుడుచుకున్నాడు. "తెలుసండీ. గురక పెట్టారుగా."

 "గురకా?"

"గదంతా వినిపించింది. మా అల్లుడు ఫొటో తీసేటప్పుడు మీ తల ఆగకపోతే నేనే గడ్డం పట్టుకున్నాను."

"మరి తెలిసి కూడా ఎందుకండీ..."

"అల్లుడు తెచ్చిన సెంటు కాదంటే మా అమ్మాయి నా ఇంట్లో నన్ను బతకనివ్వదు. నా నోటితో నేను కాదనలేను. మీరు కాదంటే ఇంట్లో ఏం చెప్పుకోవాలా అని రాత్రంతా బెంగపెట్టుకున్నాను. దేవుడిలా మీరు నిద్రపోయారు."

"ఆ కెమిస్ట్ అమ్మాయిని తీసేశారు కదండీ."

"ఆ అమ్మాయి మెలకువగా ఉంది. అక్కడే వచ్చింది చిక్కు." ఓనరు కళ్ళజోడు పెట్టుకుని ఆయనకేసి చూశాడు. "అయినా ఆ అమ్మాయి మిమ్మల్ని అడిగింది కదా. నిద్రపోయానని మీరు అక్కడే అనుంటే నలుగురి ముందు నేనేం చేసేవాణ్ణి? ఆపేసేవాణ్ణే. మీరు బాగుందన్నారు."

  ముక్కుగారు గేటు వైపు చూసి, "అయితే నన్ను గేటు దగ్గరికి పంపిస్తారా?" అని అడిగాడు. ఆ క్షణంలో ఔనంటే బాగుండునని కూడా అనిపించింది.

"ఛ, అవేం మాటలు. మా అల్లుడు ఇంకో రెండు రకాల సెంట్లు తెస్తున్నాడు. మీరు లేకపోతే ఎలా?"

తిరిగొచ్చిన సబ్బులు పారబోయడానికి మనసొప్పక పనివాళ్ళందరికీ తలా ఒక పెట్టె ఉచితంగా పంచారు. ముక్కుగారి పెట్టె స్నానాల గదిలో ఒక మూల పడి ఉంది. పూత కాలం అయిపోయింది, ఒక పెద్ద వాన కురిసి చెట్ల మీది పుప్పొడి కడుక్కుపోయింది. ఆ మర్నాడు పొద్దున ముక్కుగారి ముక్కు తెరుచుకుంది. వేడినీళ్ళు పెట్టుకుని, తాను పాస్ చేసిన సబ్బును మొట్టమొదటిసారి వాసన చూశాడు.

కాలిన టైరు. అచ్చం ఆ అమ్మాయి చెప్పినట్టే.

ఆయన స్నానాల గదిలో పీట మీద కూలబడ్డాడు. సిగ్గేసింది. ఆ అమ్మాయికి ఇప్పటికైనా ఇంకెక్కడన్నా పని దొరికిందో లేదో తనకు తెలియదు. ఫోన్ చేస్తే ఏం చెప్పాలో అంతకన్నా తెలియదు. ఆలస్యమవుతోందని భార్య తలుపు కొట్టి, లోపలికి తొంగి చూసి, ఆయన కళ్ళకేసి చూసింది.

"పూత అయిపోయిందిగా, మళ్ళీ మొదలైందా?"

"ఆఁ, అదే," అన్నాడు ముక్కుగారు.

ఆ ఏడాది ఫ్యాక్టరీలో ఉత్తమ ఉద్యోగి బహుమతి ఆయనకే వచ్చింది, అది అందుకునేటప్పుడు మాత్రం ఆయన మెలకువగానే ఉన్నాడు.