పత్తికొండ వంకలో ఆల్చిప్ప దిగ్విజయము

సమస్తజలహీనమై, సకలమేఘవర్జితమై, మార్తాండప్రతాపదగ్ధమైన పత్తికొండ సీమయందు, కర్నూలు నూతన రాజధానియై గుడారములలో కచేరీలు నడుపుచున్న ఆ మహాసంవత్సరమున, శ్రావణమాసము సైతము చెమట తప్ప తేమ నెరుగని యొకానొక ప్రాతఃకాలమున, వినుడీ జనులారా, ఎండిన వంక నడిబొడ్డున ఘోరసంగ్రామము సంభవించెను.

వానకై కప్పను రోకలికి గట్టి, వేపమండలు చుట్టి, ఇంటింట దానిపై నీళ్లు పోయించుకొనుచు ఊరేగుట ఆ ఊరివారి ఆచారము. రోకలి సిద్ధము, మండలు సిద్ధము, పాటలు సిద్ధము. కప్ప మాత్రము లేదు. జొన్నమొలకలు వాడి తలవాల్చిన చేనుగల భీమక్క, పారాయుధపాణియై, పాతాళము దాక త్రవ్వి త్రవ్వి, తుదకొక బ్రతికియున్న ఆల్చిప్పను పైకి దీసెను. ఆమెకు ప్రాణము లేచివచ్చెను.

"దీన్నే కడదాం మామా," అనెను.

ఆచారరక్షణధురంధరుడు, శ్వేతశ్మశ్రుమండితుడు, రోకలికి ముడివేయు హక్కుగల ఏకైక పురుషుడు దేవేంద్రప్ప గర్జించెను:

"ఏమ్మే భీమక్కా, తలకాయ ఉండాదా నీకు? కప్పంటే ఏమి, ఆల్చిప్పంటే ఏమి? కప్పకు నాలుగు కాళ్లు, రెండు గుడ్లు, ఊరు దద్దరిల్లే గొంతు. అది బెకబెకమంటే వాన మోడాలు దిగొస్తాయి. ఇది మామిడికాయ చెక్కు తీసేదానికి తప్ప దేనికీ పనికిరాదు. వాన అడగాలంటే నోరుండాల. దీనికి నోరు యాడుండాది?"

"కప్ప వానొచ్చినాక అరుస్తాది మామా. వాన లేకుంటే యాడ దాక్కుంటాదో, ఇంత తవ్వినా దొరకల్య. ఇది ఈడనే ఉండాది. నీళ్లు పోయినా వంకను ఇడ్సిపెట్టలేదు, మన మాదిరి. శానా ఓపిక దీనికి."

"నేనడిగేది ఓపిక కాదు. నోరు."

అంతట ఆ వీరనారి, తాగుటకు దెచ్చుకొన్న చెంబునీటిని సత్తుగిన్నెలో బోసి, ఆల్చిప్పను ముంచెను. కాలము స్తంభించెను, కాకి యొకటి వచ్చి, చూచి, విసిగి పోయెను. ఎట్టకేలకు కోటతలుపులు తెరచుకొనినట్లు చిప్పలు వెంట్రుకవాసి విడివడెను. దేవేంద్రప్ప నోరన్వేషించుటకై ముక్కు గిన్నెకానునంత వంగెను. భీమక్క చిప్పను పైకెత్తెను. అది జడిసి, ఠక్కున మూసికొనుచు, గర్భస్థజలమునెల్ల ఏకధారగా ఆయన కుడికంటిలోనికి చిమ్మెను.

 దేవేంద్రప్ప పైపంచెతో మొగము తుడుచుకొనెను.

"నోరుండాదిలే," అనెను. "కడదాం పట్టు."

ఇట్లు కప్పకులమెల్ల పరారియై యుండగా, ఆల్చిప్ప రోకలినెక్కి ఊరేగెను. భీమక్క రోకలి ముందుకొనను తానే భుజమునకెత్తుకొని, నవ్వాపుకొనలేకయే పాట నందుకొనెను. ఆకాశము కరిగెనో లేదో మేఘరాజెరుగును గాని, ఆ యేటి కరువుపై తొలి విజయముగా, పత్తికొండసీమలో అందరికన్న ముందు తడిసినది దేవేంద్రప్ప కుడికన్ను.